కొస వదిలిన లెక్క

మా మేనత్త పోయిందని ధర్మవరం నుంచి ఫోను వచ్చినప్పుడు చెల్లి టేబులు ముందు కూర్చుని అత్త ఇచ్చిన కొండ లెక్క తీసిపెట్టుకుంటోంది. ఫోను చేసింది అత్త కొడుకు, మా బావ. "అమ్మ పొద్దున లేయలేదు పాపా" అన్నాడు. ఆ ఇంటి నుంచి ఎప్పుడు ఫోను వచ్చినా వెనక మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఆరోజు వినిపించలేదు. దాంతో నిజమని నమ్మాను.

నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, భయం. చెల్లి పదో తరగతి పరీక్షకు ఇంకా నెల కూడా లేదు. ఎనిమిదో తరగతి నుంచి బడికి పోకుండా ఇంట్లోనే చదువుకుంటున్న పిల్ల. ఆ చదువు నడిపింది అత్త. నేను పక్కన కూర్చున్నదాన్ని, అంతే. ఫోను చేతిలో పట్టుకుని వంటింటి గడపలో నిలబడిపోయాను. చెల్లి తలెత్తి నా ముఖం చూసి, పెన్సిలు కింద పెట్టేసింది.

ఇది చదువుతున్నవాళ్ళలో, ఏదో ఒక కారణాన ఎదిగిన పిల్లను బడి మాన్పించి ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు. ఏ పుస్తకం తెరవాలో, ఎవరిని అడగాలో తెలియక మీరు పడే భయం నాకు తెలుసు. మా అత్త బతికుంటే తన గురించి రాయనిచ్చేది కాదు. పిల్లలకు పనికొచ్చేది ఏమన్నా రాయమనేది. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

మాది హిందూపురం. నాయన ధర్మవరంలో చీరలు నేసే ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి ఇక్కడ ఫ్యాక్టరీలో పనికి చేరాడు. ఆయన అక్కే మా అత్త. పెనుకొండలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. మమ్మల్నిద్దరినీ నాయన కాన్వెంటులో చదివించాడు. నేను డిగ్రీ ముగించి, ఇంట్లోనే ఉండి దూరవిద్యలో ఎం.ఏ. కట్టాను. చెల్లి ఎనిమిదిలో ఉండగా ఒక ఉదయం ప్రార్థన దగ్గర పడిపోయింది. ఫిట్స్. ఆ తర్వాత పాఠం జరుగుతుండగా ఇంకోసారి. డాక్టరు మాత్రలిచ్చి, బడికి పంపవచ్చనే చెప్పారు. బడివాళ్ళు కూడా వద్దనలేదు. ఆమె పక్కన బెంచీ ఖాళీ అయింది, అంతే. కొన్నాళ్ళకు చెల్లి పొద్దున్నే బూట్ల లేసులు కట్టుకుని, మంచం అంచున కూర్చుని, లేచేది కాదు.

ఎదురింటామె ఒకరోజు మా అమ్మతో, అన్ని దుడ్లు పోసి కాన్వెంటులో చేర్చి ఇప్పుడు ఇంట్లో కూర్చోబెట్టుకున్నారా, పెండ్లి చేసేస్తారా ఏమి అని అడిగింది. అమ్మ నవ్వి లోపలికొచ్చి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పగలు కూడా వీధి తలుపు వేసే ఉండేది.

ఇంటిదగ్గర చదివించడమంటే ఏమిటో అమ్మకూ తెలియదు, నాకూ తెలియదు. మాకు తెలిసింది కాన్వెంటు ఒక్కటే. కాబట్టి కాన్వెంటునే ఇంట్లో పెట్టాం. చెల్లికి యూనిఫాం వేసేవాళ్ళం. పొద్దున ప్రార్థన. పీరియడు మారినప్పుడల్లా అమ్మ వంటింట్లోంచి గరిటెతో స్టీలు పళ్ళెం మీద కొట్టేది. నేను టీచరు లాగా నిలబడి ఇంగ్లీషులో మాట్లాడేదాన్ని. ఆ పళ్ళెం మోగినప్పుడల్లా చెల్లి భుజాలు ఎగిరిపడేవి. కొత్త కదా, అలవాటవుతుందని మాకు మేమే చెప్పుకున్నాం.

అట్లాంటి ఒక ఉదయం అత్త ధర్మవరం నుంచి వచ్చింది. గుమ్మంలో చెప్పులు వదులుతూ యూనిఫాంలో ఉన్న చెల్లిని చూసింది. చెల్లి లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పింది. అత్త అమ్మ వైపు తిరిగింది.

"ఏమ్మే, ఈడ ఇంకో కాన్వెంటు తెరిసినారా? నాకు చెప్పనే లేదే. ఫీజు ఎంత?"

చెల్లి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో అమ్మ ముఖం చూస్తే తెలిసింది. అత్త వంటింట్లోకి పోయి గరిటె కడిగి కొక్కేనికి తగిలించి, పళ్ళెం తీసుకొచ్చి అందులోనే తను తెచ్చిన బొరుగులు పోసి చెల్లి ముందు పెట్టింది. యూనిఫాం మార్చుకుని రమ్మంది. ఇక మా ఇంట్లో గంట మోగలేదు.

తర్వాత వచ్చింది నా పిచ్చి. ఊరికే దొరికే పుస్తకాలన్నీ ఫోనులో దించుకోవడం మొదలుపెట్టాను. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్నవి. కేంద్రం వాళ్ళ పుస్తకాలు. సరిహద్దు అవతల కన్నడ పుస్తకాలు. వీడియో పాఠాలు, వర్కుషీట్లు, విదేశాల వాళ్ళు పెట్టినవి కూడా. ఏది వదిలేస్తే చెల్లికి ఏం తప్పిపోతుందో అని భయం. అమ్మ ఫోను నిండిపోయింది. చోటు కోసం పెదనాయన కూతురి పెండ్లి ఫోటోలు తీసేశాం. ఆ విషయం ఇప్పటికీ వాళ్ళకు తెలియదు. ఇన్ని దించినా, రేపు పొద్దున ఏ పేజీ తెరవాలో మాత్రం నాకు తెలియలేదు.

అత్త ఆ ఫోను తీసుకుని, వేలితో పైకి జరుపుతూ జరుపుతూ చాలాసేపు చూసింది.

"పెండ్లికి పోయినామని వడ్డించిందంతా తింటామా? ఊరికే వస్తాందని అన్నీ పెట్టుకుంటే, నువ్వు దించుకునేది పుస్తకాలు కాదు పాపా, భయము."

అన్నీ తీసేయించింది. ఒక్కో సబ్జెక్టులో ఒక్క పాఠమే ఉంచింది. అది అయినాకే రెండోది. ముందు పాత ప్రశ్నపత్రం చూడమనేది, ఆ తర్వాతే పుస్తకం. ఎక్కడికి చేరాలో తెలిస్తే దారిలో ఏది వదలొచ్చో తెలుస్తుందనేది. వీడియో పాఠం ముందు తను చూసి, ఏ భాగం దగ్గర ఆపాలో చెప్పేది. మా వీధిలో కన్నడ మాట్లాడే పిల్లలతోనే చెల్లి పెరిగింది. కాబట్టి సైన్సులో బొమ్మలు అర్థం కాకపోతే కన్నడ పుస్తకం తెరవమనేది. ఏ భాషలో అర్థమయితే ఆ భాషలో అర్థం చేసుకుని, తెలుగులో రాయమనేది. కాన్వెంటులో తెలుగు మాట్లాడితే తిట్లు తిన్న నాకు ఇదంతా తప్పేమో అనిపించేది. పైకి అనేదాన్ని కాదు.

ఓపెన్ స్కూలు సంగతి చెప్పింది కూడా అత్తే. బడికి పోకుండా పదో తరగతి పరీక్ష రాయొచ్చని, అన్ని సబ్జెక్టులూ ఒక్కసారే రాయనక్కర లేదని, ఈసారి రెండు రాసి మిగతావి తర్వాత రాసుకోవచ్చని. మేము అప్పటికే కొన్ని నెలలు మామూలు బడి పుస్తకాలతో చదివించాం. ఓపెన్ స్కూలుకు వేరే పుస్తకాలుంటాయని అప్పుడు తెలిసింది. అన్ని నెలలూ వృథా అనుకున్నాను. అత్త మాత్రం నేర్చుకున్న లెక్క యాడికీ పోదని, పోయి ఆ పుస్తకాలు తెచ్చుకొమ్మని చెప్పింది.

అడగాల్సింది హిందూపురంలోనే ఒక స్కూల్లో ఉన్న సెంటరులో. నేను రెండుసార్లు ఆ గేటు దాకా పోయి, లోపల ఎవరో గట్టిగా మాట్లాడుతుంటే విని వెనక్కొచ్చాను. మూడోసారి అత్త నాతో వచ్చింది. గేటు దాకా కాదు. రోడ్డుకు ఇవతల సోడా అంగడి దగ్గర ఆగిపోయింది.

"నేను ఈడనే ఉంటా. నువ్వు పో."

"నువ్వు కూడా రా అత్తా. నాకు భయం."

"భయముంటే ఉండనీ. దాన్నీ తోడు తీసకపో."

లోపల గుమాస్తా ఒకాయన అన్నం తింటున్నాడు. నేను ఏం చెప్పానో నాకే వినిపించలేదు. ఆయన ఎడంచేత్తో బీరువా వైపు చూపించి, పుస్తకాలు ఎప్పుడో వచ్చినాయి, మీరే రాలేదు, ఫోనులో కూడా దొరుకుతాయి గదమ్మా అన్నాడు. అంతే. నేను నెలలుగా వణికింది అంత చిన్న మాట కోసం. పుస్తకాలు ఎత్తుకుని రోడ్డు దాటి వచ్చేసరికి అత్త నాకోసం సోడా కొట్టించి పెట్టింది. ఏమన్నారని కూడా అడగలేదు.

అప్పటి నుంచి శనివారాలు పెనుకొండలో. అత్త ధర్మవరం నుంచి, మేము హిందూపురం నుంచి ప్యాసింజరు ఎక్కి, నడుమ దిగేవాళ్ళం. అక్కడి లైబ్రరీలో అందరూ అత్తకు తెలుసు. సగం మంది ఆమె దగ్గర లెక్కల్లో దెబ్బలు తిన్నవాళ్ళు. కిటికీ పక్క బల్ల మాకు వదిలేసేవాళ్ళు. మధ్యాహ్నం అక్కడే మెట్లమీద కూర్చుని చిత్రాన్నం తినేవాళ్ళం. చెల్లి మళ్ళీ నలుగురిలో కూర్చోవడం నేర్చుకుంది అక్కడే. పేపరు చదివే ముసలాళ్ళ మధ్య కాబట్టి ఆమెకు సులువయింది. వాళ్ళెవరూ బెంచీ మార్చరు.

అత్త పాఠం చెప్పే తీరులో ఒకటి నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు. ఆమె ఏ పాఠమూ పూర్తి చేసేది కాదు. లెక్క చివరి మెట్టు దగ్గరికి వచ్చి, జవాబు కళ్ళముందు కనిపిస్తుండగా ఆపేసి, పుస్తకం మూయమనేది. కాన్వెంటులో గంట కొట్టేలోపు పాఠం అయిపోవాలి. సగంలో వదిలితే సిస్టరుకు కోపం. కాబట్టి నాకు అది అసంపూర్ణంగా, అశుభంగా తోచేది. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. అత్త నన్ను ధర్మవరం తీసుకుపోయి మగ్గం ముందు నిలబెట్టింది.

చీరలు నేసే పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తుంటే బావ దాన్ని చివరిదాకా నేయడు. పోగుల కొసలు మగ్గంలోనే వదిలేస్తాడు. కొత్త పడుగు తెచ్చినప్పుడు ఆ పాత కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అచ్చు అతకడం అంటారు. వేళ్ళకు కొంచెం బూడిద అద్దుకుని కూర్చుంటే, ఒక పూట పట్టే పని.

"ఆ కొసలు పెరికేస్తే ఏమయితుంది?" అని అడిగాను.

"మగ్గమంతా మళ్ళా మొదట్నుంచి కట్టుకోవల్ల. కొస ఉంటే, రేపు ఎవురు కూర్చున్నా అతుక్కోవచ్చు" అంది అత్త. "రోంత వదలల్ల పాపా. పిల్ల పొద్దున లేస్తానే కొత్త పాఠం చూస్తే భయపడుతుంది. నిన్నటి కొస చూస్తే చెయ్యి దాని పాటికి అది పోతుంది."

నిజమే. చెల్లి పొద్దున్నే ముఖం కడుక్కోకముందే ఆ మిగిలిన మెట్టు చేసేసేది. ఆ వేడిలోనే తర్వాతి లెక్కలోకి పోయేది.

ఒక శనివారం లైబ్రరీలో చెల్లికి ఫిట్స్ వచ్చాయి.

నేను ఎప్పుడూ భయపడుతూ ఎదురుచూసింది దానికోసమే. ఇంట్లో చెంచా కింద పడినా ఉలిక్కిపడి పరిగెత్తేదాన్ని. కానీ ఆరోజు నిజంగా వచ్చినప్పుడు నేను కదల్లేకపోయాను. కుర్చీ పడిన చప్పుడు మాత్రం గుర్తుంది. అత్త నేలమీద కూర్చుని చెల్లిని పక్కకు తిప్పి, తల కింద తన సంచీ పెట్టి, గోడ మీది గడియారం చూస్తూ ఉంది. జనం మూగారు. ఒక పెద్దాయన తన తాళంచెవుల గుత్తి తీసి చెల్లి చేతిలో పెట్టబోయాడు. ఇనుము పట్టుకుంటే నిలిచిపోతుందని ఆయన నమ్మకం. అత్త చెయ్యి చాచి ఆ గుత్తి తను తీసుకుంది.

"ఇవి నా దగ్గర జాగ్రత్తగా ఉంటాయిలేప్పా. నువ్వు పోయి ఆ ఫ్యాను రోంత జోరుగా పెట్టు."

ఆయన పోయి ఫ్యాను పెట్టాడు. కాసేపటికి చెల్లి కళ్ళు తెరిచింది. బట్టలు తడిసిపోయాయి. అందరినీ చూసింది. ఆ చూపు నాకు తెలుసు, మంచం అంచున కూర్చున్నప్పటి చూపు. ఇక ఈ పిల్ల ఇక్కడికి రాదు అనుకున్నాను. అత్త తన భుజం మీది శాలువా చెల్లి నడుముకు చుట్టింది. ఇంటికి పోదాం అనలేదు. ఏమీ కాలేదులే అని కూడా అనలేదు. చెల్లి కొంచెం తేరుకున్నాక, ముందున్న కాగితం మీద పొద్దున మొదలుపెట్టిన లెక్కను అత్తే రెండు మెట్లు ముందుకు రాసి, పెన్సిలు పక్కన పెట్టింది.

"కొస నీది. వచ్చే శనివారం చూపించు."

తాళంచెవుల పెద్దాయన అప్పటిదాకా ఇంటికి పోలేక అక్కడే కూర్చున్నాడు. అత్త సంచీ దులిపి ఆయన గుత్తి ఆయనకిచ్చింది. బయటికి వచ్చి కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటే ఆమె చేతిలో గ్లాసు వణికింది. వయసు అనుకున్నాను.

తర్వాతి శనివారం చెల్లి రైలెక్కింది. ఆ కొస చూపించాలని.

కొండ లెక్క చివరి శనివారం నాటిది. త్రికోణమితి చెల్లికి పట్టుబడలేదు. కాగితం మీద గీతలుగానే ఉండిపోయింది. అత్త ఆరోజు సంచీలో మగ్గానికి డిజైను వేసే పాత అట్టముక్క ఒకటి తెచ్చింది. దాన్ని అర్ధచంద్రంలా కత్తిరించి, కోణాల గుర్తులు పెట్టి, పనికిరాని పట్టుపోగు కట్టి, చివర ఒక నట్టు వేలాడదీసింది. దాని అంచు వెంట పెనుకొండ కొండ శిఖరాన్ని చూస్తే, నట్టు ఎక్కడ ఆగిందో అదే కోణం. ఒక చోట నిలబడి చూసి, కొండ వైపు నడిచి ఇంకో చోట నుంచి చూడాలి. ఆ రెండు చోట్ల మధ్య దూరం కావాలి. కొలిచే టేపు లేదు. అత్త సంచీలోంచి ఒక పాత చీర తీసింది. ధర్మవరం వాళ్ళకు చీర పొడవు చెయ్యి పెట్టి చెప్పడం వచ్చు. చెల్లి ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని, రోడ్డు పక్కన చీర పరుస్తూ ముందుకు నడిచాం. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

బండి మీద పోతున్న ఒకాయన ఆగాడు. "ఏం టీచరమ్మా, చీర ఆరేస్తాండారా?"

"ల్యాదప్పా. కొండను కొలుస్తాండాము."

"ఎన్ని చీరలు పడుతుందంటావు?"

"పాప చెప్తుంది ఉండు" అంది అత్త. చెల్లి పగలబడి నవ్వింది. నడిరోడ్డు మీద, అందరి ముందు.

తిరిగి వచ్చి బల్ల దగ్గర కూర్చుని లెక్క వేశారు. చివరి మెట్టు దగ్గర అత్త ఆపేసింది. కొండ ఎత్తు ఎంతో తెలియకుండానే మేము రైలెక్కాం. మరునాడు పొద్దున చెల్లి ఆ మెట్టు చేసేలోపే బావ ఫోను చేశాడు.

ధర్మవరం పోతున్నప్పుడు రైల్లో అమ్మ నా పక్కకు జరిగి, ఇంక ఈ పరీక్ష వద్దులే అంది. వదినే లేనప్పుడు ఎవరి ధైర్యంతో పంపేదని. నేను సరేనన్నాను. అనగానే నా గుండె తేలికయింది. పరీక్ష హాలులో కుర్చీ పడిన చప్పుడు వినక్కర లేదు. ఏ గేటు ముందూ నిలబడక్కర లేదు. చెల్లి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. విన్నదో లేదో తెలియలేదు.

కర్మలు అయ్యేదాకా మగ్గం ఆగే ఉంది. ఆ తర్వాత రోజు పొద్దున అచ్చు అతికే ఆమె వచ్చింది. అత్త పోయేనాటికే పడుగు అయిపోయింది, కొసలు వేలాడుతున్నాయి. ఆమె బూడిద చిప్ప పక్కన పెట్టుకుని కూర్చుంది. చెల్లి పోయి ఆమెకు ఎదురుగా కూర్చుని, అడగకుండానే పోగులు విడదీసి అందించడం మొదలుపెట్టింది. అత్త ఎప్పుడో నేర్పించిందట. నాకు తెలియదు. పాత కొస, కొత్త పోగు, వేళ్ళ మధ్య ఒక మెలిక. ఇంట్లో ఎవరూ ఏడవలేదు ఆ పూట.

బావ నాకు కాఫీ తెచ్చి ఇచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అత్తకు భయమంటే తెలియదని నేనేదో అన్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు.

"అమ్మకు శానా భయం పాపా. శనివారమొస్తే తెల్లారకముందే లేసి కూర్చునేది. ఆ బిడ్డకు రైల్లో ఏమన్నా అయితే ఎట్ల, నేను చెప్పింది తప్పయితే ఎట్ల అని. పోవద్దులేమ్మా అంటే మాత్రం నా మీదికి వచ్చేది."

"మాకు ఎప్పుడూ చెప్పలేదే."

"మీకెట్ల చెప్తుంది? మీకుండేది చాలదా?"

కాఫీ చల్లారిపోయింది. కుళాయి దగ్గర వణికిన గ్లాసు గుర్తొచ్చింది. గోడ మీది గడియారం వైపు అంత నిబ్బరంగా చూసిన కళ్ళు గుర్తొచ్చాయి. ఆమె కూడా భయాన్ని తోడు తీసుకునే వచ్చేదన్నమాట, ప్రతిసారీ, ఆ ప్యాసింజరులో.

తిరుగు రైల్లో చెల్లి వేళ్ళకు ఇంకా బూడిద ఉంది. పెనుకొండ దగ్గర పడుతుండగా నోరు విప్పింది.

"అక్కా, కొండ లెక్క కొస ఉండాది గదా."

"ఉంది."

"అది అత్త వదిలిన కొస. అతకకుండా పెరికేస్తే మళ్ళా మొదట్నుంచి కట్టుకోవల్ల. నాకు అంత ఓపిక లేదు."

అమ్మ ఎదురు సీటులో కూర్చుని అంతా వింది. కొండ వెనక్కి పోయేదాకా చూసి, పరీక్ష ఎప్పుడని నన్నడిగింది. చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వద్దని మాత్రం అనలేదు.

ఇంటికి రాగానే చెల్లి ఆ మెట్టు చేసింది. కొండ ఎత్తు మీటర్లలో వచ్చింది, ఆ తర్వాత చీరల్లోకి మార్చింది. ఎంతో నాకు చెప్పలేదు, బండి మీది మనిషి కనబడితే చెప్పాలట. తర్వాతి లెక్క తీసింది. చివరి దాకా వచ్చి తనంతట తనే ఆపి, పుస్తకం మూసింది. మరునాడూ అంతే. ఇప్పుడు పాఠాలు వెతకాల్సింది నేను. ఒక్కో పాఠమే దించాను. పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకున్నాను. అర్థం కానిచోట లైబ్రరీలో అత్త పాత విద్యార్థి ఒకాయనను అడిగాను. ఆయన కాగితం తీసుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

ఈసారికి రాసేది లెక్కలొక్కటే. పరీక్ష సెంటరు పెనుకొండలోనే పడింది. అమ్మ కూడా వచ్చింది. గేటు దగ్గర చెల్లి హాల్‌టికెట్టు పట్టుకుని నిలబడితే, నేను లోపలికి పోయి తన గది ఇన్విజిలేటరు మేడంను వెతికాను. ఎవరూ నన్ను పంపలేదు. మా చెల్లికి ఫిట్స్ ఉన్నాయని చెప్పాను. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు, ఐదు నిమిషాలు దాటితే ఆంబులెన్సుకు ఫోను చేయండి, లేకపోతే తనే లేస్తుంది, భయపడకండి అన్నాను.

"భయపడకుండా ఎట్లుంటామమ్మా" అంది ఆమె. తర్వాత నా ముఖం చూసి, "భయపడతానే చూసుకుంటాలే, నువ్వు పో" అంది.

అమ్మా నేనూ లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాం. ఏ వాహనం ఆగినా లేచి నిలబడ్డాం. లోపల కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది. తాళంచెవుల పెద్దాయన పేపరు చదువుతూ మధ్యలో బయటికొచ్చి, టీచరమ్మ కనబడలేదే అని అడిగాడు. అమ్మ చెప్పింది. ఆయన చేతిలో పేపరు మడిచి మా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. పరీక్ష అయ్యేదాకా లేవలేదు.

చెల్లి నడుచుకుంటూ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. అమ్మ ఏమైందని లేచింది.

"ఏం కాలేదు. అన్నీ వచ్చినాయి. కానీ ఒకటి…" అని ఆగింది. "పెద్ద లెక్క చివరి మెట్టు రాయలేదు. చేయి దాని పాటికి అది ఆగిపోయింది. పేపరిచ్చేసి బయటికి వచ్చినాక గుర్తొచ్చింది, ఇది పరీక్ష గదా అని."

అమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నాకు మార్కుల భయం పట్టుకుంది. అది ఇంకా వదల్లేదు, ఫలితాలు ఇంకా రాలేదు. పాసయినా కాకపోయినా మిగతా సబ్జెక్టులు ముందున్నాయి, మళ్ళీ ఆ గేటు, మళ్ళీ ఆ మెట్లు.

రైలు కదిలినప్పుడు చెల్లి ప్రశ్నపత్రం ఒళ్ళో పరుచుకుని, ఆ లెక్క మీద వేలు పెట్టుకుని కూర్చుంది. జవాబు ఎంతని అడిగాను. తెలుసు, ఇంటికి పోయినాక రేపు పొద్దున రాస్తా అంది. కిటికీ అవతల కొండ మాతో పాటు కొంతదూరం వచ్చింది. కిటికీలోంచి వచ్చిన గాలికి కాగితం ఒక పక్క లేస్తుంటే, చెల్లి ఇంకో చేత్తో దాని కొస పట్టుకుంది.